పద్దెనిమిదో బుట్ట దగ్గర టోర్నా

"నాలుగింటికల్లా ఆ డిస్కు వాళ్ళ చేతిలో పడితే మీ తమ్ముడి మీద ఆశ వదులుకోవాల్సిందే," అన్నాడు బాస్.

బట్టలు ఉతికే షాపు మీది గది అది. కింద మెషిన్లు తిరుగుతుంటే నేల సన్నగా అదురుతోంది. ఏజెంట్ టీచర్ కుర్చీ అంచున కూర్చుంది. డిపార్ట్‌మెంట్‌లో చేరకముందు బళ్ళో లెక్కలు చెప్పేది కనక ఆమెకా కోడ్‌నేమ్. ఇరవై ఏళ్ళ సర్వీసులో ఎన్ని మిషన్లు చేసినా సొంత మనిషి ప్రాణం మీదికి రావడం ఇదే మొదటిసారి. తమ్ముడు శత్రుదేశంలో వంటవాడి వేషంలో ఉన్నాడు. బయటికి పొక్కబోతున్న మన గూఢచారుల లిస్టులో వాడిది మూడో పేరు.

"చెప్పండి సార్, త్వరగా."

"డిస్క్ గోల్ఫ్ తెలుసా?"

"ప్లాస్టిక్ డిస్కు విసిరి గొలుసుల బుట్టలో వేస్తారు. అంతేగా?"

"అంతేగా అని వాళ్ళ ముందు అనకు, మీద పడి కరుస్తారు. లిస్టున్న మైక్రోఫిల్ము ఒక డిస్కులో దాచారు. ఇవాళ మైదానంలో ముగ్గురు ఆడుతున్నారు. వాళ్ళలో ఒకడు డబుల్ ఏజెంట్. మనకీ సమాచారం ఇస్తాడు, వాళ్ళకీ ఇస్తాడు. మొహం ఎవరికీ తెలీదు. చివరి బుట్ట దగ్గర్నుంచి డిస్కు గోడ అవతలికి విసురుతాడు. అక్కడ వ్యాన్ పక్కన కాచుకున్నవాడి చేతికి అందితే ఆరు సెకన్లలో స్కాన్ చేసి పంపేస్తాడు."

"ముగ్గుర్నీ ఇప్పుడే పట్టేస్తే?"

"ఒక్కొక్కరి సంచిలో ఇరవై డిస్కులు. మనం వెతుకుతూ కూర్చుంటే వ్యాన్ వాడు చక్కా పోతాడు. నాకు వాడూ కావాలి."

టోపీ, క్లిప్‌బోర్డ్ ఆమె ముందుకు తోశాడు. టోపీ గుండీలో మైకు, చెవిలోకి ఇయర్‌పీస్. వేషం: డిస్కుల కంపెనీల మీద ఒపీనియన్ సర్వే చేసే మనిషి. కోడ్ వర్డ్: 'సర్వే అయిపోయింది.' అది వినగానే పైపుల రిపేరు వేషంలో ఉన్న మనవాళ్ళు వచ్చి పడతారు.

మూడు గంటలకి మైదానం చేరింది. మొదటివాడు కరెంటు లైన్‌మన్, నోరు పెద్దది. రెండోవాడు పళ్ళ డాక్టరు. మూడోవాణ్ణి చూస్తే ఎవరికైనా చూపు తిప్పుకోవడం కష్టమే! సిల్కు చొక్కా, నల్ల కళ్ళద్దాలు, ఆ నవ్వూ అతనూ. నెల కిందట ఆటలో చేరాడట. మిగతా ఇద్దరూ అతన్ని మోడల్ అని పిలుస్తున్నారు.

అందగాడు కాబట్టి దొంగ అనుకోవడానికి లేదు. పెన్ను తీసింది.

"టోర్నా కంపెనీ మీద మీ అభిప్రాయం?"

"వాడి మొహం!" అని మొదలెట్టాడు లైన్‌మన్. "పదేళ్ళుగా టోర్నా తప్ప ఇంకోటి ముట్టుకోలేదమ్మా నేను. ఈ ఏడాది ప్లాస్టిక్ ఏం మార్చి చచ్చాడో, కుడిచేత్తో ఎంత తిన్నగా విసిరినా చివర్లో ఎడమకి జారి చస్తోంది."

"అయితే ఆ ఇంకో కంపెనీ, హెల్మో కొనచ్చుగా?" అంది టీచర్.

"ఛీ ఛీ! అది డిస్కా, జిగురుముద్దా?"

"ఏమయ్యోయ్, నోరు జాగ్రత్త," అన్నాడు డాక్టరు. "హెల్మోకి ఉన్న పట్టు దేనికుందమ్మా? కాకపోతే రెండు చెట్లకి తగిలిందా, అంచంతా ఊడిపోతుంది. పళ్ళయితే కట్టిస్తాను, దీన్నేం చేసుకోను?"

టీచర్ గడియారం చూసుకుంది. మూడూ నలభై. ఇంకా ఇరవై నిమిషాలే ఉంది.

"మీరు చెప్పండి సార్."

మోడల్ నవ్వాడు. "రెండూ మంచి కంపెనీలే మేడమ్. హెల్మో గ్రిప్ అద్భుతం. టోర్నా కేటలాగులో రాసినట్టే స్ట్రెయిట్‌గా వెళ్తుంది."

మిగతా ఇద్దరూ అతనికేసి పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. టీచర్ రాయడం ఆపింది. ఆటగాడన్నవాడు తను వాడే కంపెనీని పొద్దున లేస్తే తిడతాడు. ఇంత మర్యాదగా మెచ్చుకున్నాడంటే ఇతను ఆట నేర్చుకున్నది కేటలాగు చదివి.

"మోడలే," అని టోపీ సర్దుకుంటూ మైకులోకి గొణిగింది.

చివరిదైన పద్దెనిమిదో బుట్ట గోడ పక్కనే ఉంది. మోడల్ సంచిలోంచి గీతైనా పడని కొత్త టోర్నా కుడిచేత్తో తీశాడు. ఫిల్ము పెట్టి ఆ పొద్దునే చేతికిచ్చి ఉంటారు. ఒక్కసారైనా విసిరి చూసుకునే వీలు ఎక్కడిది?

"వ్యాన్ దగ్గరికి పరిగెత్తు!" చెవిలో బాస్ అరిచాడు. "వ్యాన్ ఎదురుగానే ఉంది!"

టీచర్ పక్క గేటులోంచి పరుగు తీసింది. వ్యాన్ వైపు కాదు. ఎడమకి, సైకిళ్ళ షెడ్డు వైపు.

"అటెక్కడికి? పిచ్చా నీకు?"

పిచ్చే. ఒక లైన్‌మన్ సణుగుడు నమ్మి తమ్ముడి ప్రాణం పణంగా పెట్టింది. డిస్కు గోడ దాటింది. తిన్నగా వస్తోంది. ఇంకా తిన్నగానే వస్తోంది. వ్యాన్ వాడు రెండు చేతులూ చాచాడు. ఓరి దేవుడా, పొరపాటు చేశానా అనుకుందామె.

అప్పుడు జారింది ఎడమకి.

వ్యాన్ వాడు తిట్టుకుంటూ ఉరికాడు. అతని వేళ్ళు డిస్కుకి జానెడు దూరంలో ఉండగా టీచర్ దాన్ని క్లిప్‌బోర్డ్‌తో కొట్టి, పడ్డచోటే దాని మీద బోర్లా పడిపోయింది.

"సర్వే అయిపోయింది!"

పైపుల వాళ్ళు వచ్చి వ్యాన్ వాణ్ణి పట్టుకున్నారు. మోడల్‌ని మైదానంలోంచి సంకెళ్ళతో తీసుకొచ్చారు. అతనికి ఇంకా ఆశ్చర్యం తీరలేదు. "కేటలాగులో స్ట్రెయిట్ అనే ఉంది కదా!" అంటున్నాడు.

"మీ తమ్ముడికి తిరిగి రమ్మని కబురు అందింది," అన్నాడు బాస్ ఇయర్‌పీస్‌లో. "మీవాడు రేపటి విమానానికి వచ్చేస్తున్నాడు." టీచర్ రోడ్డు మీదే కూలబడి, కొంగు లేదు కనక టోపీతోనే కళ్ళు తుడుచుకుంది.

లైన్‌మన్, డాక్టరు రొప్పుతూ వచ్చారు. మోడల్ గూఢచారి అని పైపుల వాళ్ళు చెప్పినా ఎందుకు, ఏమిటి అని ఒక్క ముక్క అడగలేదు.

"చూశావా? ఎడమకే!" అన్నాడు లైన్‌మన్.

"అదే మా హెల్మో అయితే తిన్నగా పోయేది," అన్నాడు డాక్టరు.

"అంటే దేశాన్ని కాపాడింది మా టోర్నాయే కదయ్యా!"

మర్నాడు తమ్ముడు విమానం దిగే వేళకి కూడా ఆ వాదన తేలలేదు.