కింద నుంచి చెప్పిన మాట

చెవులాయన చెవి పెడితే చాలు, ఎంత పాత ఇంజనైనా తన గుట్టంతా కక్కేస్తుందని ఆ రేవులో అందరూ అంటారు. అనేవాళ్లలో అందరికంటే పెద్ద గొంతు ఆయన బావమరిదిది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి అదుముకుని, కళ్లు మూసుకుని వింటాడాయన. ఊపిరి కూడా మెల్లగా పీలుస్తాడు. ఆ సమయంలో పక్కనున్నవాడు తుమ్మినా సహించడు.

వినడం వరకూ మొనగాడే. విన్నది చెప్పడానికి మాత్రం మహా మొహమాటం. అమ్మేవాడి మొహం చూస్తే "ఇది పనికిరాదు" అనడానికి నోరు పెగలదట. అందుకని అసలు పైకే రాడు. పడవ అడుగున ఇంజనుండే గోతిలోంచే ఒక్క మాట కేకేస్తాడు. "తీసుకో" అంటే తీసుకోవాలి. "వద్దు" అంటే నోరు మూసుకుని ఇంటిదారి పట్టాలి. ఎన్నేళ్లుగానో ఇదే పద్ధతి, ఎవరూ ఎదురడిగింది లేదు.

ఆ రోజు పడవ కొంటున్నది స్వయంగా బావమరిదే. ఇన్నాళ్లూ పరాయివాళ్ల పడవలు నడిపి విసిగిపోయాడు పాపం. సొంతంగా ఒకటి ఉంటే మనుషుల్ని అవతలి ఒడ్డుకు దాటించుకుంటూ దర్జాగా బతకొచ్చని ఆశ. మొదటిసారి ఇంటిల్లిపాదీ అందులో ఎక్కాలని వాళ్లక్క అప్పుడే షరతు పెట్టేసింది. ఆ అక్కే చెవులాయన భార్య. అంటే, ఈయన నోటి నుంచి రాబోయే ఆ ఒక్క మాట మీద ఇంట్లోవాళ్ల ప్రాణాలన్నీ ఉన్నాయన్నమాట. నీళ్ల నడిమధ్య ఆగిపోతే దిగి తోయడానికి పడవేమైనా మోటారుబండా?

పడవ రేవు చివర్లో ఒక రేకుల షెడ్డులో ఉంది. మధ్యాహ్నమే అయినా సన్నగా వాన పడుతుండటంతో లోపలంతా మసగ్గా ఉంది. తడిసిన తాళ్లు, నాచు, ఎప్పుడో ఒలికిన డీజిలు... అన్నీ కలిసిన వాసన. పడవ కింద నీళ్లు చప్పరిస్తున్నట్టు చిన్న చప్పుడు చేస్తున్నాయి.

యజమాని షెడ్డులోకి వచ్చాక కూడా గొడుగు ముడవలేదు. గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"మీరు చూసుకోండి. నాకు మోకాళ్ల నొప్పులు, ఎక్కలేను," అన్నాడు.

"పడవ అమ్మేవాడు పడవెక్కకపోవడమేంట్రా?" చెవులాయన గొణిగాడు.

"నీకన్నీ అనుమానాలే బావా. మా అక్క నిన్నెలా భరిస్తోందో ఏమో!"

"ఎవర్ని ఎవరు భరిస్తున్నారో ఆ ఇంట్లో కాపురం చేసేవాణ్ణి, నన్నడుగు. పోయి బ్యాటరీ పట్రా."

బావమరిది నవ్వుకుంటూ బయట వ్యానులో ఉన్న బ్యాటరీ కోసం వెళ్లాడు. చెవులాయన పడవ మధ్యలో ఉన్న చెక్కమూత ఎత్తి, మూడు మెట్ల నిచ్చెన దిగాడు. లోపల నిటారుగా నిలబడటానికి లేదు. ఇంజనుకూ పడవ పక్కచెక్కకూ మధ్య మనిషి ఒద్దికగా కూర్చునేంత చోటుంది.

పాత ఇంజను చూడ్డానికి వెళ్లినవాడు ముందుగా దాన్ని స్టార్టు చేయడు. చేత్తో తాకుతాడు. అది చల్లగా ఉండాలి. మనం వచ్చేలోపే అమ్మేవాడు కాసేపు నడిపి వేడెక్కించి ఉంచాడంటే, చల్లగా ఉన్నప్పుడు అది మొరాయించే రకమని అర్థం. చెవులాయన అలవాటు ప్రకారం అరచెయ్యి ఆనించాడు.

గోరువెచ్చగా ఉంది. జ్వరమొచ్చిన పిల్లాడి ఒళ్లులా.

"ఏమండీ, పొద్దున దీన్ని నడిపారా?" అని కేకేశాడు.

"పోయిన వానాకాలం నుంచీ తాళమే తియ్యలేదండీ," గుమ్మంలోంచి జవాబు.

చెవులాయన బ్యాటరీ ఉండాల్సిన చోట టార్చి వేసి చూశాడు. ఖాళీ. సాలెగూడు కట్టి ఉంది. బ్యాటరీ లేకుండా ఇది ఎలా నడుస్తుంది, నడవకుండా ఎలా వేడెక్కుతుంది? రేకుల షెడ్డు కదా, ఉక్కపోతకేమో అని సర్దిచెప్పుకున్నాడు. వానలో ఉక్కపోతేమిటని మనసు వెంటనే అడిగింది. దాని నోరు మూయించి పనిలో పడ్డాడు.

ఆయిల్ పుల్ల తీసి చూశాడు. నూనెలో నీళ్లు కలిసి తెల్లబారిన జాడ లేదు. ఒక చుక్క వేళ్ల మధ్య రుద్దాడు. ఇనపరజను గరగర లేదు. ఇంజనుకు కొత్తగా రంగు కొట్టలేదు, అదీ మంచిదే, రంగేశారంటే ఎక్కడో కారుతున్నదాన్ని దాస్తున్నట్టు. రంగేసింది మరోచోట. తల పైకెత్తితే మూత అడుగున కొత్త రంగు, దళసరిగా, పూత మీద పూత కొట్టి ఉంది. అక్కడ చూసేదెవరని? వేలితో తడిమాడు. రంగు కింద చెక్కలో గాట్లు తగిలాయి. సన్నటివి, నాలుగేసి వరసలుగా.

ఈలోగా బావమరిది వచ్చి బ్యాటరీ అందించి, తీగలు బిగించాక పైకెళ్లి తాళంచెవి తిప్పాడు. ఇంజను ఒక్క పిలుపుకే పలికింది. "ఓహో!" అని పైనుంచి వాడి సంబరం. "పొగ కూడా లేదు బావా! నల్లగానూ లేదు, తెల్లగానూ లేదు!"

"అరవకురా. విననీ."

స్క్రూడ్రైవర్ ఆనించి చెవి పెట్టాడు. అబ్బ, ఏం శబ్దం! అరిగిన చప్పుడు లేదు, తడబాటు లేదు. ఇలాంటి ఇంజను ఇంత పాత పడవలో ఉండటం అదృష్టం. "తీసుకో" అనడానికి నోరు తెరవబోయాడు కూడా.

అప్పుడు విన్నాడు.

ఆ శబ్దం కింద ఇంకోటుంది. ఊపిరి. ఆయన పీల్చినప్పుడు పీలుస్తోంది. ఆయన వదిలినప్పుడు వదులుతోంది. తన ఊపిరే పిడిలోంచి తనకు వినిపిస్తోందేమోనని ఒక్క క్షణం బిగబట్టాడు. అదీ బిగబట్టింది. కాసేపు చూసి... ఆగలేనట్టు, ముందు అదే వదిలింది.

చెవులాయన చటుక్కున స్క్రూడ్రైవర్ తీసేశాడు. ఉత్త ఇంజను చప్పుడు. మళ్లీ ఆనించాడు, ఈసారి కాస్త కిందుగా.

"ఆపమను..."

మగగొంతు. బాగా అలిసిపోయిన గొంతు.

"ఆపమని నువ్వైనా చెప్పు... నా మాట పైకి వినపడట్లేదు..."

"ఒరేయ్, ఆపు!" చెవులాయన గావుకేక పెట్టాడు. "ఆపరా! వద్దు! ఇది మనకొద్దు!"

మూత పడిపోయింది.

దబ్బున పడలేదు. ఎవరో నిద్రపోతున్న పిల్లాడి గది తలుపు వేసినంత మెల్లగా, జాగ్రత్తగా దిగింది. చీకటి. టార్చి చేతిలోంచి జారి ఎటో దొర్లిపోయింది. మెట్టెక్కి రెండు చేతులతో మూతను నెట్టాడు. కదల్లేదు. భుజం పెట్టి నెట్టాడు. పిడికిళ్లతో బాదాడు.

"ఒరేయ్! మూత తియ్యరా! ఊపిరాడట్లేదు!"

పైన అడుగుల చప్పుడు. సరిగ్గా నెత్తిమీదే. బావమరిది మాటలు వినపడ్డాయి, హాయిగా, నవ్వుతూ...

"సరే బావా! సరే, నువ్వెలా అంటే అలాగే!"

ఎవరితో అంటున్నాడు వీడు?

పొగ ఘాటు ముక్కుకు తగిలింది. ఇంజనును తనే ఆపాలి. తడుముకుంటూ డీజిలు కుళాయి పట్టుకుని కట్టేశాడు. డీజిలు అందకపోతే ఏ ఇంజనైనా నాలుగు దగ్గులు దగ్గి చావాల్సిందే. ఇది దగ్గలేదు. పైపే ఊడబెరికాడు. వేళ్ల మీద డీజిలు చల్లగా కారింది. పైపు చేతిలో ఉంది... ఇంజను నడుస్తూనే ఉంది.

కళ్లు తిరుగుతున్నాయి. ఇంట్లో భార్య గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది ఆయనకు, చిన్నపిల్లాడిలా. మోకాళ్ల మీద కూలబడుతుంటే చెవి ఇంజనుకు ఆనింది. ఈసారి స్క్రూడ్రైవర్ అవసరం లేకపోయింది. లోపలి గొంతు స్పష్టంగా, ఉల్లాసంగా మాట్లాడుతోంది. అలిసిపోయిన ఆ గొంతు కాదు.

ఆయన గొంతే.

"బంగారంలాంటి ఇంజనురా. కళ్లు మూసుకుని తీసుకో..."

మూత తెరుచుకుంది. వెలుతురులో బావమరిది మొహం.

"ఏంటి బావా, ఇంకా అక్కడే ఉన్నావ్? దాంతో కాపురం పెడతావా ఏంటి?"

చెవులాయన పాకుతూ పైకొచ్చి చెక్కల మీద పడ్డాడు. దగ్గాడు. చేతిలో పైపు ఇంకా అలాగే ఉంది.

"మూత... ఎందుకేశావురా?"

"నేనెక్కడ వేశాను? తెరిచే ఉందిగా. ఇంజను కూడా ఎప్పుడో ఆపేశా."

"నేను వద్దన్నాను. అరిచాను. నీకు వినపడలేదా?"

బావమరిది మొహంలో నవ్వు కాస్త తగ్గింది. "వద్దనడమేంటి బావా? బంగారం, తీసుకో అన్నావు. ఒకటికి రెండుసార్లన్నావు. పెద్దాయన కూడా విన్నాడు. మాటిచ్చేశా, బేరం అయిపోయింది."

చెవులాయన వాడి చెయ్యి పట్టుకుని పడవ దింపి, వానలో ఈడ్చుకుపోయాడు. యజమాని షెడ్డు వెనక గదిలో బట్టలు సర్దుకుంటున్నాడు. గొడుగు మంచం మీద ఉంది. ఆ తొందర చూస్తే మోకాళ్ల నొప్పులున్నవాడిలా లేడు.

"మాకొద్దు. మీ పడవ మీరే ఉంచుకోండి."

"మీ నోటితోనే చెప్పారు కదండీ," అన్నాడాయన తలెత్తకుండా.

"అది నేను కాదు!"

సర్దుతున్న చేతులు ఆగాయి. ఆయన బాగా గొంతు తగ్గించాడు. "తెలుసు. నేను కొన్నప్పుడు మా తమ్ముడు దిగాడు చూడ్డానికి. వాడూ కింద నుంచే చెప్పాడు, బాగుంది అన్నయ్యా, తీసుకో అని."

"మరి మీ తమ్ముడు..."

"తీసుకున్నా. వాడు పైకి రాలేదు. మీరు రాగలిగారు. దేవుడు మీ పక్షాన ఉన్నాడు, అంతే. ఇంక నన్నొదిలెయ్యండి బాబూ."

చెవులాయన వెనక్కి తిరిగాడు. పోనీ, బేరం అయితే అయింది, ఆ పడవ షెడ్డులోనే కుళ్లిపోనీ. దాని జోలికెవరూ వెళ్లకపోతే చాలు. అదే మాట బావమరిదితో అన్నాడు.

వాడు పెదాలు తడుపుకున్నాడు. "బావా... ఇంకో మాట కూడా అన్నావు నువ్వు. నువ్వు కాదులే... కింద నుంచి వచ్చింది. అక్కని పిలువు, మొదట తనే ఎక్కాలి అని. ఫోన్ చేశాను. పక్క వీధిలోనే ఉన్నా, వచ్చేస్తున్నా అంది."

చెవులాయన పరిగెత్తాడు. బురదలో జారి పడ్డాడు, లేచాడు, మళ్లీ పరిగెత్తాడు. షెడ్డు గుమ్మం దగ్గరికి వచ్చేసరికే లోపల నుంచి నవ్వు వినపడింది. ఆయనకు బాగా తెలిసిన నవ్వు.

ఆమె పడవలోనే ఉంది. తెరిచిన మూత పక్కన మోకాళ్ల మీద వంగి కూర్చుంది, వీపు ఇటువైపు. ఒక చెయ్యి భుజం దాకా గోతిలోకి చాపి ఉంది.

"ఛీ, ఊరుకోండి. ఈ వయసులో ఏంటా సరసాలు? మా తమ్ముడు వింటే బాగుంటుందా?" కిందికి చూస్తూ, సిగ్గుపడుతూ అంటోంది. "సరే, చెయ్యి పట్టుకున్నారుగా, ఇంక రండి పైకి."

"ఏమే!" చెవులాయన అరిచాడు. "లే! లేచి ఇటు రా!"

ఆమె తల తిప్పింది. గుమ్మంలో తడిసి ముద్దైన మొగుణ్ణి చూసింది. పెదాల మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. మెల్లగా గోతిలోకి చూసింది. మళ్లీ ఆయన వైపు చూసింది. భుజం వెనక్కి లాక్కుంది. ఇంకోసారి లాక్కుంది.

"ఏమండీ..." అంది, వినపడీ వినపడనట్టు. "వదలట్లేదండీ."