చొక్కా వాసన

దీవికి వలసొచ్చిన తెలుగువాళ్ళు హిందీ కలిపి మాట్లాడే బతు బస్తీలోని ఆ వీధిలో తెల్లవారితే ముందు కోడి కూయదు, నూకయ్య దగ్గుతాడు. ఖంగుఖంగుమని ఒకటే పొడి దగ్గు. అది వినగానే వంటింట్లో ఆయన భార్య చిన్నమ్మి మొహం మాడిపోతుంది. ఆయన విప్పిన చొక్కా తీసుకుని, నీళ్ళలో వేసే ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. బీడీ వాసన ఉందో లేదో ఆమెకే తేలదు. అయినా అనుమానం పోదు.

మనవరాలు పుట్టినప్పుడు, ఆ పసిగుడ్డు నెత్తిమీద చెయ్యి పెట్టి, ఇక బీడీ ముట్టనని ఒట్టేశాడు నూకయ్య. ఆ ఒట్టు తప్పితే పిల్లకేమవుతుందోనని చిన్నమ్మి భయం. అందుకే మొగుడితో మాటలు మానేసింది. అలాగని బీపీ బిళ్ళ ఇవ్వడం మానిందా అంటే, అబ్బే! రోజూ తనే ఆయన అరచేతిలో పెట్టి, మొహం పక్కకి తిప్పుకుంటుంది.

ఆ పొద్దున బిళ్ళ మింగి, నూకయ్య ఉండబట్టలేక అన్నాడు.

"నాను కాల్చలేదే చిన్నమ్మీ. ఎన్నిసార్లు సెప్పాల?"

"స్వాతీ, కాల్చనోడికి దగ్గెందుకొస్తాదో మీ మావయ్యని అడుగు," అంది చిన్నమ్మి కోడలితో, గోడకేసి చూస్తూ.

"నమ్మకం లేని ఇంట్లో నానెందుకు? సిప్పీఘాట్‌లో మా సెల్లి దగ్గరికెళ్ళిపోతాను." నూకయ్య బట్టల సంచి తీశాడు.

కోడలు స్వాతి పరుగున వచ్చి సంచి లాక్కుంది. "అరే, ఏంటి మావయ్యా చిన్నపిల్లల్లాగా! ముందు డాక్టర్ దీదీకి చూపిద్దాం. అత్తా, నువ్వూ చలో."

హెల్త్ సెంటర్‌లో డాక్టర్ రాధిక ఇక్కడే పుట్టి పెరిగిన టీచరుగారమ్మాయి. కఫం పడుతోందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా అని ఓపిగ్గా అడిగింది. అన్నిటికీ లేదన్నాడు నూకయ్య. స్టెతస్కోపు పెట్టి విన్నది, ఎక్స్‌రే తీయించి చూసింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి.

"బీడీ, సిగరెట్టు ఏమైనా కాలుస్తారా అంకుల్?"

"ఎప్పుడో మానీసానమ్మా."

"అబద్ధం!" చిన్నమ్మి అడ్డుపడింది. "పసిపిల్ల మీద ఒట్టేసి కాలుస్తన్నాడమ్మా, డాక్టరమ్మా!"

నూకయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుర్చీలోంచి లేచాడు.

"బైఠియే అంకుల్, ప్లీజ్," అంది రాధిక. తర్వాత చిన్నమ్మి వైపు తిరిగింది. "ఈ దగ్గు ఎప్పట్నుంచి ఆంటీ?"

"చవితి పండగ ఎళ్ళాక మొదలైనాది."

"రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా?"

చిన్నమ్మి కొంగుముడి విప్పి బిళ్ళల అట్ట తీసింది. "బీపీ బిళ్ళ. ఇదీ పండగ ముందే పెద్దాసుపత్రిలో మొదలెట్టారు. నానే దగ్గరుండి ఏయిస్తాను, ఒక్కరోజూ తప్పనియ్యను," అంది గర్వంగా.

రాధిక అట్ట తిప్పి చదివింది. "ఇదుగో ఆంటీ, దొంగ దొరికాడు. మంచి మందే, కానీ కొంతమందికి పడదు. ఇలాగే పొడి దగ్గు తెప్పిస్తుంది. వేరే బిళ్ళ రాస్తాను. బీపీ మందు మాత్రం ఆపకూడదు. దగ్గు తగ్గడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, తగ్గకపోతే మళ్ళీ రండి. పాపం, అంకుల్‌ని ఊరికే అనుమానించారు."

చిన్నమ్మి ఎవరున్నారో కూడా చూడకుండా బావురుమంది.

"నా సేత్తో నానే ఇచ్చి, నిన్నే తిట్టానయ్యా!"

"ఊరుకోయే, నలుగురూ సూత్తన్నారు," అంటూ నూకయ్య ఆమె భుజం పట్టుకున్నాడు. "నీ మీద అంత కోపమొచ్చినా, నువ్విచ్చిన బిళ్ళ ఒక్కటైనా పారీసానా?"

మర్నాడు కొత్త బిళ్ళ పట్టుకున్న చిన్నమ్మి చెయ్యి ముందుకు రాలేదు. మళ్ళీ ఏమవుతుందోనని బెదురు. నూకయ్యే ఆ చెయ్యి లాక్కుని, బిళ్ళ నోట్లో వేసుకున్నాడు.

దగ్గు తగ్గుతూ తగ్గుతూ, ఒక తెల్లవారుజామున అసలు వినిపించలేదు. పక్కింటి కోడి కూతకి మెలకువ వచ్చింది చిన్నమ్మికి. లేచి, బట్టలు నానబెట్టబోతూ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంది. అప్పుడే వచ్చిన నూకయ్య గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏటే, ఇంకా అనుమానమేనా?"

"అనుమానం కాదయ్యా, అలవాటైపోనాది," అంది చిన్నమ్మి, చొక్కాలోంచి మొహం ఎత్తకుండానే.