తువ్వాలు కింద ఏడు ప్రాణాలు

“పరాయి దేశంలో మనకోసం పనిచేస్తున్న ఏడుగురి వివరాలు ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి, మహేశ్వర్. శత్రువుకు అందితే ఏడుగురూ చస్తారు. మనమే పోగొట్టుకుంటే వాళ్లను వెనక్కి రప్పించే దారే ఉండదు. రెండో కాపీ, పాస్‌వర్డ్ ఎమ్మిగనూరు ఎద్దుల దళారి దేవేంద్రప్ప దగ్గరున్నాయి. కాపీని ఆయన కర్నూలు చేరుస్తాడు.”

చీఫ్ ఆ మాట చెప్పి రెండు రోజులైంది. ఇప్పుడు మహేశ్వర్ ఆదోనిలో మూతబడ్డ ఓ జిన్నింగ్ మిల్లు గదిలో ఇరుక్కున్నాడు. ఇనుప తలుపులు, కిటికీకి కడ్డీలు, ఊపిరి పీలిస్తే దూది నుసి. ఎదురుగా తుపాకీ. అది పట్టుకున్న అందగత్తె సంతోషి నిన్నటిదాకా అతని పార్ట్‌నరే. నమ్మి నట్టేట మునిగినందుకు అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

పక్కన స్టూలు మీద వాచిన దవడతో దేవేంద్రప్ప. టేబుల్ మీద లాప్‌టాప్, దానికి గుచ్చిన పెన్‌డ్రైవ్, లినక్స్ నల్ల తెర.

“మా బాస్ పది నిమిషాల్లో వస్తాడు,” అంది సంతోషి. “పాస్‌వర్డ్ చెప్పు ముసలాయనా. మహేశ్వర్, డ్రైవ్ తెరువు.”

ఒక్క కమాండ్‌తో మహేశ్వర్ ఆ డ్రైవ్‌ను ఎందుకూ పనికిరాకుండా చేయగలడు. కానీ రెండో కాపీ కర్నూలు చేరిందో లేదో! చేరకపోతే ఏడుగురినీ తన చేత్తోనే గాలికి వదిలేసినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

“సెప్తా తల్లీ,” అన్నాడు దేవేంద్రప్ప. “అయితే నలభై ఏండ్లుగా అంకెలు నోటితో సెప్పినోన్ని కాదు. సంతలో మాదిరి తువ్వాలు కింద వేళ్లు పట్టి సెప్తా. ఈయప్పది మా పక్కూరు గోనెగండ్ల, అర్థమైతాది.”

సంతోషి నవ్వింది. “ఆ వేషం కూడా చూద్దాం. కానివ్వు!”

తువ్వాలు కింద అంకెలేవీ రాలేదు. దేవేంద్రప్ప అతని అరచేతిని మొత్తంగా బిగించి రెండుసార్లు నొక్కాడు. నాన్న వెంట ఎద్దులు కొన్న మహేశ్వర్‌కు ఆ పట్టు తెలుసు: బేరం అయింది, సరుకు చేతులు మారింది. కాపీ చేరిపోయింది! అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ నీళ్లు చూసి సంతోషికి అనుమానం వచ్చింది. “ఏం అందించావు? ఇటివ్వు!” తువ్వాలు లాక్కుని దులిపింది, మడతలన్నీ తడిమింది. ఆ కాస్త వ్యవధిలో మహేశ్వర్ వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి:

cryptsetup luksErase -q /dev/sdb1

ఎంటర్. తెర ఉలకలేదు, పలకలేదు. లినక్స్ పద్ధతే అంత, పని జరిగితే నోరెత్తదు.

“తెరిచావా?”

“డ్రైవ్‌లోని తాళంచెవులన్నీ చెరిపేశాను. ఇక పాస్‌వర్డ్ ఉన్నా అది ఎవరికీ తెరుచుకోదు.”

తుపాకీ అతని నుదుటికి ఆనింది. బయట కారు హారన్ మోగింది.

“కాల్సు తల్లీ,” అన్నాడు దేవేంద్రప్ప నెమ్మదిగా. “మమ్మల్ని సంపేసినాక మీ బాసుకు ఏం సూపిస్తావు? ఉత్త డబ్బీనా?”

సంతోషి ముఖం పాలిపోయింది. ఉత్త చేతులతో నిలబడినవాళ్లను ఆ బాస్ ఏం చేస్తాడో ఆమె రెండుసార్లు చూసింది. ముందు తలుపు మీద దబదబా గుద్దులు పడ్డాయి. ఆమె తుపాకీ మహేశ్వర్ చేతిలో పెట్టి, వెనక తలుపు తాళం తీసింది.

ముగ్గురూ మిల్లు వెనక నిలిపిన ఆమె జీపెక్కి కర్నూలు రోడ్డు పట్టాక సంతోషి అడిగింది, “నన్ను జైల్లో పెడతారా?”

“పెడతారు,” అన్నాడు మహేశ్వర్ గేరు మారుస్తూ. “మీ బాస్ కంటే జైలరు నయం. రేపు పొద్దున టిఫినైనా పెడతాడు.”