ముక్కు దగ్గరి సందు

భోజనాలయ్యాక అందరూ టీకి పోయారు. టెస్టింగ్ గదిలో అక్క, గాజు తలుపు బయట కంప్యూటర్ ముందు తమ్ముడు మిగిలారు. ఇద్దరిదీ ఒకే కంపెనీ. వాడికి ఉద్యోగం వేయించింది అక్కే కాబట్టి, తిట్టే హక్కూ ఆవిడదే.

ఊరూవాడా ఫోన్లలో ఆడే తుపాకుల ఆటని తమ్ముడి జట్టు వీఆర్‌లోకి మార్చింది. ఇందులో కళ్లకి హెడ్‌సెట్ కట్టుకుని, చేతిలో ట్రిగ్గరున్న రిమోట్ పట్టుకుని, నిలబడి ఆడాలి. ఇది జనానికి ఎక్కుతుందా లేదా, సాయంత్రం ఓనరుకి అక్క చెప్పాలి. వద్దంటే జట్టంతా ఇంటికే.

"కళ్లు తిరుగుతున్నాయని మాత్రం అనకక్కా."

"నువ్వు ఒక్కసారైనా పెట్టుకున్నావురా?"

"పెట్టుకుంటే కక్కుకుంటాను. అందుకే దాని జోలికే పోలేదు. నీకు తెలుసుగా."

"అంటే వండినవాడు ముట్టని కూర నాకు వడ్డిస్తున్నావన్నమాట."

హెడ్‌సెట్ తగిలించుకుంది. పట్టపగలే చీకటైపోయింది. రబ్బరు వాసన, దాని కింద ఎవరిదో పాత చెమట వాసన. చీకట్లోంచి పాడుబడ్డ గోదాము ఒకటి మెల్లగా తేలింది. ఎక్కడో చుక్క చుక్కగా నీళ్లు కారుతున్నాయి.

ఆ చివర ఒక సైనికుడు నిలబడి ఉన్నాడు. కాల్చడు. కదలడు.

అక్కకి అనుమానం వచ్చింది. ఆట సందడిగా కనపడాలని, కంప్యూటరే ఆడించే ఉత్తుత్తి బొమ్మని వీడు లోపలికి దించాడేమో. వీడి తెలివి తనకి కొత్తా?

అంతలో సైనికుడు తల వెనక్కి వాల్చాడు.

అక్క వేలు ట్రిగ్గర్ మీదే ఆగిపోయింది. అది హెడ్‌సెట్ పెట్టుకున్న మనుషుల అలవాటు. ముక్కు దగ్గర కాస్త సందు ఉంటుంది. గోడ ఎంత దూరంలో ఉందోనని తల వాల్చి, ఆ సందులోంచి నేలకేసి చూసుకుంటారు. కంప్యూటర్ బొమ్మకి ముక్కేది, సందేది?

"ఇంకెవరు ఆడుతున్నార్రా?" గొంతు తగ్గించి అడిగింది.

"ఎవరూ లేరే. మిగతా హెడ్‌సెట్లన్నీ ఛార్జింగులో ఉన్నాయి."

సైనికుడు దగ్గరికొచ్చాడు. ఇంకా దగ్గరికి... మళ్లీ తల వాల్చాడు.

అక్క కూడా వాల్చింది. సందులోంచి గది నేల కనపడింది. తన చెప్పులు. వాటికి ఎదురుగా... రెండు పాదాలు. ఉత్త పాదాలు. వేళ్లు నేలని తడుముతున్నాయి.

"జరగరా..."

"ఎక్కడికి జరగను? నేను బయటే ఉన్నానక్కా."

గొంతు గాజు అవతలనుంచే వచ్చింది.

హెడ్‌సెట్ పీకి పారేసింది. గదిలో ఎవరూ లేరు.

సాయంత్రం ఓనరుకి ఒక్కమాటే చెప్పింది. "వద్దు."

"ఎందుకు?"

"కళ్లు తిరుగుతాయి."

ఓనరు సరేనని వెళ్లిపోయాడు. తలుపు మూసుకోగానే తమ్ముడు మీదికొచ్చాడు.

"నా పొట్ట కొట్టావు. కళ్లు తిరగడం కాదు, ఇంకేదో ఉంది. లోపల ఏం చూశావు?"

అక్క చూపు దానంతటదే వాడి కాళ్ల మీదికి పోయింది. బూట్లున్నాయి. లేసులు బిగించే ఉన్నాయి. హమ్మయ్య అనుకుని తలెత్తింది.

"చెప్పవా?" అన్నాడు తమ్ముడు.

అంటూనే తల వెనక్కి వాల్చాడు. ముక్కు పక్కనుంచి కిందికి చూపు దించి, ఆవిడ పాదాలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకున్నాడు.

వాడి ముఖానికి ఏ హెడ్‌సెట్టూ లేదు.