చేమదుంప పెట్టెలోనే ఉంది

మా రేవు ఊరు కీలుంగ్‌లో ఒకరోజు ఎండ కాస్తే జనం దాని గురించి వారం పాటు చెప్పుకుంటారు. మిగతా రోజులన్నీ వానే. మా చేపముద్దల పులుసు కొట్టు రేవుకి వెనక, కొండ మెట్లు మొదలయ్యే చోట ఉంది. కింద కొట్టు, కొట్టు వెనక నా గది. పైన మా చెల్లెలు పెయ్‌జెన్, దాని మొగుడు కువోరుంగ్ ఉండేవాళ్ళు. వాళ్ళ గుమ్మానికి ఎదురుగుమ్మం చ్యూ పిన్నిది.

పెయ్‌జెన్ ఒక పాముని పెంచుకునేది. గోధుమరంగు మచ్చలున్న చిన్నరకం కొండచిలువ. భయమేస్తే తల లోపల దాచుకుని గుండ్రంగా ముద్దలా చుట్టుకుపోయేది. చూడటానికి మట్టి కడగని చేమదుంపలా ఉండేది. అందుకే పెయ్‌జెన్ దానికి చేమదుంప అని పేరు పెట్టింది. నేను మాత్రం దాని దరిదాపులకు వెళ్ళేదాన్ని కాదు.

"పాముని పక్కలో పడుకోబెట్టుకుంటున్నావటగా," అంది చ్యూ పిన్ని ఒకరోజు మా కొట్లో కూర్చుని, పులుసు ఊదుకుంటూ.

"ఎవరు చెప్పారు?" అంది పెయ్‌జెన్.

"మీ ఆయనే. నీ పక్కన తిన్నగా చాచుకుని పడుకుంటుందట. అది నిన్ను కొలుస్తోందే పిల్లా. సరిపోతావనిపించిన రోజున మింగేస్తుంది. మా మరిది వాళ్ళ వీధిలో ఇలాగే అయింది."

పెయ్‌జెన్ నవ్వింది. నవ్వితే దానికి ఆయాసం వచ్చేది. చిన్నప్పటినుంచీ ఉబ్బసం. జేబులోంచి ఇన్హేలర్ తీసి ఒకసారి పీల్చుకుని, అప్పుడు జవాబు చెప్పింది.

"ప్రతి వీధిలోనూ అయిందంటారు పిన్నీ. చూసినవాళ్ళు మాత్రం ఎక్కడా కనపడరు. పాము ఎవర్నీ కొలవదు. చేమదుంప నోట్లో ఎలుక కంటే పెద్దది పట్టదు. రాత్రిళ్ళు పెట్టెలో పెట్టి గొళ్లెం కూడా వేస్తాను."

"పాలు పోస్తావా?"

"పాలు దానికి పడవు. నీళ్ళు తాగుతుంది."

"ముట్టుకుంటే జిగురు అంటుతుందటగా."

"మీ తోలుసంచీ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పొడిగా."

"పోనీ, నిన్ను గుర్తుపడుతుందా?"

"వెచ్చని చెయ్యి అని గుర్తుపడుతుంది. అంతే. దానికి ప్రేమా లేదు, పగా లేదు. మాట విననందుకు మొహం మాడ్చుకోదు. అందుకే దాని దగ్గర నాకు హాయి."

ఆ మాట అనేసరికి కువోరుంగ్ గుమ్మంలో గొడుగు దులుపుకుంటున్నాడు. అతని చెవిన పడింది. చ్యూ పిన్నిని చూసి నవ్వి, ఆమె ఖాళీ గిన్నె తనే తీసి లోపల పెట్టాడు.

కువోరుంగ్ రేవులో క్రేను నడిపేవాడు. బయట అంత మెత్తని మనిషి ఇంకొకరు లేరు. ఇంట్లో మాత్రం అతను చెప్పిందే జరగాలి. తనంటే భయపడని ప్రాణి ఒకటి తన ఇంట్లోనే ఉండటం అతనికి పడలేదు. దాన్ని పారేయమని రోజూ గొడవ. పెయ్‌జెన్ అన్నిటికీ తలవంచేది, ఆ ఒక్కదానికీ తప్ప.

ఒక మధ్యాహ్నం నేను చేపలు శుభ్రం చేస్తుంటే అతను మెట్లమీంచి పరుగున దిగాడు.

"వదినా... పాము... దాని మెడకి చుట్టుకుంది..."

పైకి పరిగెత్తాను. పెయ్‌జెన్ పడకగది తలుపు దగ్గర పడి ఉంది. పెదవులు నీలం. మెడ మీద చిన్న గీత కూడా లేదు. పాము కోసం భయంగా చుట్టూ చూశాను. పెట్టె అరమీదే ఉంది. లోపల చేమదుంప ముద్దగా చుట్టుకుని ఉంది. మూతకు గొళ్లెం వేసి ఉంది.

"నేనే లాగి పెట్టెలో వేశాను," అన్నాడు కువోరుంగ్.

ఆ పెట్టె పక్కనుంచి నడవాలంటేనే చెమటలు పట్టే మనిషి అతను. అలాంటివాడు మెడకి చుట్టుకున్న పాముని విప్పి, పెట్టెలో పెట్టి, గొళ్లెం వేసి, ఆ తర్వాత నన్ను పిలవడానికి వచ్చాడట.

డాక్టరు ఉబ్బసం అని రాశాడు. పోలీసులకు నేను గొళ్లెం సంగతి చెప్పాను. వాళ్ళు గుమ్మంలోంచే పెట్టెవైపు చూసి, "అదేనా ఆ పాము?" అని అడిగి వెళ్ళిపోయారు. వీధి మాత్రం పామే అని తేల్చేసింది. అది పెయ్‌జెన్ పక్కన చాచుకుని పడుకోవడం తాను కళ్ళారా చూశానని చ్యూ పిన్ని ఇంటింటికీ చెప్పింది. ఆమె ఏనాడూ వాళ్ళ పడకగదిలో అడుగుపెట్టలేదు. శవయాత్రలో అందరూ కువోరుంగ్ భుజం తట్టారు. దాని ఇన్హేలర్ కూడా పక్కన పెట్టి పంపుదామని ఇల్లంతా వెతికాను. దొరకలేదు.

పాముని చంపేయాలని వీధంతా పట్టుబట్టింది. నేను పెట్టెని కిందకు, నా గదికి తెచ్చేసుకున్నాను. మొదటిసారి చేమదుంప మీద చెయ్యి వేసిన రోజున చాలాసేపు ఏడ్చాను. పెయ్‌జెన్ చెప్పినట్టే, పొడిగా ఉంది.

ఏడోనాడు పోయినవాళ్ళు ఇల్లు చూసుకోవడానికి వస్తారు. ఒక గిన్నెలో పులుసు పోసి, పైన పెయ్‌జెన్ మంచం పక్కన పెట్టి వచ్చాను. మర్నాటినుంచి కువోరుంగ్ మొహం మారింది.

"వదినా, రాత్రి పాముని గాని వదిలావా?"

"లేదే."

"పక్కలో ఏదో... చల్లగా... తిన్నగా పడుకుంది."

తీసుకెళ్ళి పెట్టె చూపించాను. గొళ్లెం వేసే ఉంది. అతను తల ఊపి వెళ్ళాడు. రెండు రోజులాగి మళ్ళీ వచ్చాడు. అది పొడవు పెరిగిందన్నాడు. మొదట తల దగ్గర్నుంచి అతని మోకాలి దాకా వచ్చేదట. ఇప్పుడు పిక్కల దాకా వస్తోందట. లైటు వేస్తే ఏమీ ఉండదు, పరుపు మాత్రం తడిగా ఉంటుందట. రేవులో వాళ్ళు అతన్ని క్రేను ఎక్కనివ్వడం మానేశారు.

నాకు జాలి కలగలేదు. అతను ఆ మాటలు చెప్పి వెళ్ళిన పూటల్లో నాకు ఆకలి బాగా వేసేది.

తర్వాత తుపాను వచ్చింది. రేవు మూసేశారు. నేనూ కొట్టు షట్టరు దించేశాను. సాయంత్రం కాకముందే కరెంటు పోయింది, గదిలో చీకటి కమ్ముకుంది. చేమదుంపకి వెచ్చదనం లేకపోతే కష్టం. గ్యాసుపొయ్యి మీద నీళ్ళు కాచి, సీసాల్లో పోసి, గుడ్డలు చుట్టి పెట్టె చుట్టూ పేర్చాను. కొవ్వొత్తి వెలిగించి పక్కనే కూర్చున్నాను. గదిలో మైనం వాసన, నానిన చెక్క వాసన, ఎంత కడిగినా పోని చేపల నీచు. బయట గాలి రేకుల్ని పట్టి గుంజుతోంది.

మెట్లవైపు తలుపు చప్పుడైంది. తీస్తే కువోరుంగ్. చేతిలో వంటింటి కత్తి.

"పాముని ఇవ్వు."

"పెట్టెలో ఉంది."

"అబద్ధం. ఇప్పుడే దాని పక్కలోంచి లేచి వచ్చాను." అతని గొంతు బాగా తగ్గిపోయింది. "ఇవాళ నా తల దగ్గర్నుంచి కాలివేళ్ళ దాకా వచ్చింది వదినా. సరిపోయింది."

గొళ్లెం తీసి మూత ఎత్తాను. కొవ్వొత్తి దగ్గరగా పట్టాను. చేమదుంప తల దాచుకుని ముద్దగా ఉంది. ఊపిరికి దాని ఒళ్ళు మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గుతోంది. కువోరుంగ్ వంగి చూశాడు. కత్తి పట్టుకున్న చెయ్యి కిందకు జారింది.

అప్పుడు... పైన మంచం కిర్రుమంది.

ఇద్దరం పైకప్పు వైపు చూశాం. మంచం మీంచి బరువైనదేదో నేలమీదకు జారింది. మెత్తగా. తర్వాత ఈడ్చుకుంటున్న చప్పుడు. మంచం దగ్గర్నుంచి తలుపు వైపు... ఆగి... మళ్ళీ. ఆ ఆగినప్పుడల్లా సన్నటి ఈల. ఊపిరి లోపలికి వెళ్ళలేక చేసే ఈల. చిన్నప్పుడు మేమిద్దరం ఒకే మంచం మీద పడుకునేవాళ్ళం. ఆ చప్పుడు నాకు తెలుసు.

"వదినా... విన్నావా?"

"విన్నాను."

"ఏంటది?"

"నువ్వే చెప్పావుగా అందరికీ," అన్నాను. "పాము."

అతను గోడకి జారగిలబడ్డాడు. పెదవులు ఆడాయి. మాటలు వినడానికి నేను ముందుకు వంగాల్సి వచ్చింది.

"తలుపు బయటినుంచి వేశాను. పాముని పారేస్తానంటే తీస్తానన్నాను. అంతే. ఇన్హేలర్ నా జేబులోనే ఉంది. బతిమాలుతుందనుకున్నాను... ఒక్కసారి బతిమాలితే తీసేవాణ్ణే. చాలాసేపు తలుపు గీకింది. తర్వాత... గీకడం మానేసింది."

పైన గుమ్మం దాటింది. మెట్టు మీదకు దిగింది. ఆగింది. ఈల. ఇంకో మెట్టు...

"నన్ను ఇక్కడే ఉండనీ వదినా. ఈ ఒక్క రాత్రికీ."

చేతిలో కత్తి ఉన్న మనిషిని భుజం పట్టుకుని లేపాను. అతను ఎదురు తిరగలేదు. ఒంట్లో ఎముకలు లేనట్టు వచ్చాడు. తలుపు అవతలికి నెట్టాను. మూశాను. గొళ్లెం వేశాను.

అతను తలుపు బాదలేదు. గోళ్ళతో గీకాడు. "వదినా... వదినా..." ఆ గొంతు పక్కకే ఈల వచ్చి ఆగింది. తలుపుకి అవతల, నా చెవికి ఇంతే దూరంలో. కొవ్వొత్తి మంట కదల్లేదు. గాలి కూడా ఆగినట్టనిపించింది. కత్తి మెట్లమీద పడి దొర్లుకుంటూ పోయింది.

తర్వాత ఈడ్చుకుంటున్న చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి పైకి. మెట్టు తర్వాత మెట్టు. వచ్చినప్పటికంటే చాలా బరువుగా.

నేను సీసాల్లో నీళ్ళు మార్చి, పెట్టె మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను.

తెల్లవారాక చ్యూ పిన్ని ఎదురుగుమ్మం తెరిచి ఉండటం చూసి లోపలికి వెళ్ళింది. పడకగదికి బయట గడియ వేసి ఉంది. తీస్తే, తలుపుకి ఆనుకుని ఉన్న కువోరుంగ్ ఆమె కాళ్ళ మీదకు ఒరిగాడు. పెదవులు నీలం. గోళ్ళు విరిగిపోయాయి. తలుపు లోపలివైపు రంగంతా లేచిపోయింది. జేబులో పెయ్‌జెన్ ఇన్హేలర్ దొరికింది. అదే డాక్టరు మళ్ళీ ఉబ్బసం అనే రాశాడు. కువోరుంగ్‌కి పుట్టి బుద్ధెరిగాక ఆయాసమన్నదే రాలేదు.

"మళ్ళీ ఆ పామే," అంది చ్యూ పిన్ని మెట్లమీద గుమిగూడిన వాళ్ళతో. "నాకు రాత్రి చప్పుడు కూడా వినిపించింది."

రండి, చూపిస్తాను, పెట్టెలోనే ఉంది అన్నాను. ఎవరూ రాలేదు.

అన్నీ అయ్యాక ఆ గది సర్దడానికి వెళ్ళాను. దుప్పటి లాగితే కింద ఏదో గలగలమంది. కుబుసం. చేమదుంప విడిచేవి నేను చూశాను. అవి నా చెయ్యంత ఉండేవి. ఇది తలగడ దగ్గర మొదలై మంచం చివర కిందకు వేలాడుతోంది. ఎక్కడా చిరగలేదు. ఉల్లిపొరలా తెల్లగా, పొడిగా ఉంది. కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నాను. తలభాగానికి కొంచెం దిగువన రెండు పక్కలా రెండు సన్నని తొడుగులు వేలాడుతున్నాయి. తిరగేసి విప్పిన చేతి తొడుగుల్లా. ఒక్కో దానికీ అయిదు వేళ్ళు. వేళ్ళ చివర గోళ్ళ పొర కూడా ఉంది.

పోయినవాళ్ళకి కాల్చే బంగారు కాగితాలతో కలిపి దాన్ని పెరట్లో కాల్చేశాను. అది కాలుతున్నంతసేపూ నేను చూసింది మంటని కాదు, పైఅంతస్తు కిటికీని. పాత ఒళ్ళు చాలనప్పుడే కదా ఏదైనా కుబుసం విడిచేది.

నెల గడిచింది. ఇవాళ పొద్దున కొట్టు తెరిచేసరికి చ్యూ పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. పులుసు పోసి ఇచ్చాను. చెంచా ముట్టుకోలేదు.

"యువెచిన్," అని పిలిచింది నన్ను. "పాము... పెట్టెలోనే ఉందా?"

"ఉంది పిన్నీ."

"రాత్రంతా?"

"రాత్రంతా."

తల ఊపింది. చెయ్యి గుండె మీద పెట్టుకుని ఊపిరి లోపలికి లాగింది. లోపలెక్కడో సన్నగా ఈల వినిపించింది.

నేను స్టవ్ తగ్గించి, ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"ఎక్కడిదాకా వచ్చింది?" అని అడిగాను.

ఆమె బల్ల కిందకు చెయ్యి దించి, తన మోకాలు ముట్టుకుని చూపించింది.