ఐస్ ఫ్యాక్టరీ గోడ దగ్గర వెనక సీటు ఎక్కేవాడు

ముందు నాకో సంగతి చెప్పండి, నసగకుండా చెప్పండి. బస్సు ఎక్కని, సైకిల్ ఎక్కని, పెద్దవాళ్ల బండి జోలికి పోని, వేగం పెంచిన స్కూటర్‌ని మాత్రమే ఏరి ఏరి ఎక్కే దెయ్యాన్ని మీరెవరైనా నమ్ముతారా?

మా ఊళ్లో నమ్మారు. ఇరవై ఏళ్లు నమ్మారు.

ఊరు దాటగానే పాత ఐస్ ఫ్యాక్టరీ ఉంది. మూతపడి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేదు. గేటు తుప్పు పట్టి ఒక పక్కకి ఒరిగిపోయింది. కిటికీలకి అద్దాల్లేవు. రోడ్డు పొడవునా, కాలవ వంతెన దాకా, ఒకటే గోడ. అర కిలోమీటరుకి తక్కువుండదు. చీకటి పడ్డాక ఆ గోడ మొదట్లో ఒక గుమాస్తా నిలబడి ఉంటాడట. ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషే. ఒక రాత్రి ఆఖరి బస్సు తప్పిపోయి, నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాడు... చేరలేదు. అప్పట్నుంచీ లిఫ్టు కోసం చూస్తున్నాడు. అడగడు — ఎక్కేస్తాడు.

లిఫ్ట్ గుమాస్తా అని పేరు. గోడ మొదలైన చోట ఎక్కి, గోడ అయిపోయి వంతెన వచ్చాక దిగిపోతాడు. ఆ మధ్యలో బండి బరువెక్కుతుంది. ఎడమ పిక్క మీద వెచ్చటి ఊపిరి తగులుతుంది. ఏదో కాలుతున్న వాసన వస్తుంది. అంతకుమించి ఏమీ చెయ్యడు. మర్యాదస్తుడు, పాపం.

కాకపోతే తొందర మనిషి. మామూలు స్కూటర్ వైపు కన్నెత్తి చూడడు. ఇంజను విప్పి, వేగం పెంచి, గాలిలా దూసుకెళ్లే బండి కనబడితేనే ఎక్కుతాడు. "మరి ఆలస్యమైపోయింది కదమ్మా, త్వరగా ఇల్లు చేరాలనుండదా?" అంటూ మా ఊరి మెకానిక్కులు అతని తరఫున వకాల్తా కూడా పుచ్చుకునేవాళ్లు.

ఇక అసలు విషయం. మా బాబాయికి స్కూటర్ల రిపేరు షాపు ఉంది. షాపులో వెనక గోడకి ఒక పెద్ద ఇనప బెంచి. దాని మీద ఇంజన్లు విప్పేది బాబాయి ఒక్కడే. ఆయన కూతురు, మా అక్క, పదేళ్ల వయసప్పట్నుంచీ ఆ బెంచి చుట్టూ తిరుగుతోంది. శబ్దం విని బండికి ఏం జబ్బో చెప్పేస్తుంది. అయినా బాబాయి దాన్ని బెంచి మీద చెయ్యి వెయ్యనివ్వడు. ముందు గదిలో ఫోన్లెత్తే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.

"ఇంజను పని ఆడపిల్ల చేసిందంటే బండి తోసుకుంటూ పక్క షాపుకి పోతారే" అనేవాడు.

"తోసుకుంటూ ఎందుకు పోవాలి? నేను చేశాక అది నడుస్తుందిగా" అనేది అక్క.

నేనూ మధ్యలో దూరాను. "బాబాయ్, ఆ బెంచికి మీసాలున్నాయా? ఉంటే చూపించు."

"నీ వాదనలు కాలేజీలో పెట్టుకో. ఇక్కడ ముల్లు మాట్లాడాలి" అన్నాడు బాబాయి, మీటరు ముల్లుని చూపిస్తూ. అని, అక్క వైపు తిరిగి పందెం కాశాడు. "మూలనున్న పాత స్కూటర్ తీసుకో. ఎవరి సాయం లేకుండా నీ చేత్తో పని చెయ్యి. వచ్చే వారం శనివారం రాత్రి నేను కాలవ వంతెన మీద నిలబడతా. నా ముందు నుంచి తొంభై మీద వెళ్లావా, బెంచి నీది. వెళ్లలేదా... అది మీ తమ్ముడిది. నువ్వు ఫోను దగ్గరే. ఇక జన్మలో ఈ మాట ఎత్తకూడదు."

తమ్ముడు కుర్చీలో కూర్చుని ఫోన్లో ఆట ఆడుకుంటున్నాడు. స్పానరుకీ పట్టకారుకీ తేడా తెలియని మనిషి. తల కూడా ఎత్తలేదు.

అక్క వారం రోజులు ఇంటి పెరట్లోనే ఉంది. సిలిండరు పెద్దది చేయించి కొత్త పిస్టన్ వేసింది. కార్బురేటర్‌లో పెట్రోలు ఎక్కువ వదిలే జెట్ పెట్టింది. వెనక చక్రం దగ్గర పళ్లచక్రాలు మార్చి, ఇంజను అదే వేగంలో తిరిగినా చక్రం ఎక్కువ తిరిగేట్టు చేసింది. స్కూటర్‌కి మనం గేర్లు మార్చం కదా, ముందు పుల్లీకీ వెనక పుల్లీకీ మధ్య బెల్టే జరుగుతూ ఆ పని చూసుకుంటుంది. ఆ బెల్టుని వెనక పుల్లీలో పట్టి ఉంచే స్ప్రింగుని కూడా తీసేసి, మెత్తటిది పెట్టింది. అడ్డు తగ్గితే బెల్టు చివరిదాకా జరిగి, పూర్తి వేగం ఇస్తుందని.

గోదాముల వెనక చదునైన రోడ్డు మీద పరిగెత్తిస్తే తొంభై ఆరు. అక్క నన్నెత్తుకుని గిరగిరా తిప్పింది. నా చొక్కా నిండా గ్రీజు.

బుధవారం రాత్రి ఒక్కతే ఐస్ ఫ్యాక్టరీ రోడ్డుకి వెళ్లింది. పగలంతా అక్కడ లారీలు, రాత్రయితే పిట్ట కూడా ఉండదు. అక్కడ జరిగింది అక్క చెప్పింది చెప్పినట్టే చెబుతున్నాను.

హెల్మెట్ బిగించుకుంది. డెబ్భై... ఎనభై... ఎనభై ఎనిమిది... ముల్లు తొంభైని ముట్టుకుంది. ఎడమ పక్క గోడ మొదలైంది.

అప్పుడు — వెనక సీటు మీద ఎవరో కూర్చున్నారు.

దబ్బున కాదట. నెమ్మదిగా... చొక్కా అంచు సర్దుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, కుదురుగా కూర్చున్నట్టు.

యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పే ఉంది. ముల్లు మాత్రం ఎనభై నాలుగు... డెబ్భై ఆరు... అరవై ఐదు. ఇంజను గొంతు బొంగురుపోయింది. ఎడమ పిక్క మీద ఊపిరి... వెచ్చగా, ఆగకుండా. తర్వాత ఆ వాసన.

వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. గోడ తరగదు. వంతెన రాదు...

వంతెన మీదికి రాగానే బరువు జారిపోయింది. బండి ఒక్కసారి తేలికై ముందుకి దూకింది. అక్క బ్రేకు వేసి, కాళ్లు రెండూ నేల మీద ఆనించి, తిరిగి చూసింది.

ఖాళీ సీటు.

తిరుగు దారిలో ఎవరూ ఎక్కలేదు. పైగా వెనక నుంచి ఎవరో తోసినట్టు బండి ఉరికిందట.

పదకొండింటికి మా కిటికీ దగ్గర గుసగుస. "నిద్రపోయావా?"

"ఏమైందక్కా?"

"ఎక్కాడే."

"ఎవరు?"

"వాడే... గుమాస్తా."

"టికెట్టు కొట్టావా?"

"నోర్ముయ్!" అంది కానీ కిటికీ ఊచలు వదల్లేదు. అక్క భయపడటం నేనెప్పుడూ చూడలేదు. "శనివారం కూడా ఎక్కితే? అరవై ఐదు మీద వెళ్లి నాన్న ముందు ఆగాలా? దెయ్యం ఎక్కిందని చెప్పుకోనా?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దెయ్యం మీద కాదు. దెయ్యాన్ని తీసుకొచ్చి మా అక్కకీ బెంచికీ మధ్య నిలబెట్టిన ఊరి మీద. "రేపు నేనూ వస్తా. వెనక సీట్లో నేనే కూర్చుంటా. ఉన్నది ఒక్క సీటు, వాడెక్కడ కూర్చుంటాడో నేనూ చూస్తా."

గురువారం రాత్రి బయల్దేరాం. నా చేతిలో మంచినీళ్ల సీసా ఉంది, గొంతు ఎండుతోందని. భయంతో కాదు. సరే... కాస్త భయంతోనే.

గోడ వచ్చింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. నవ్వబోయాను — బండి కుంగింది. యాభై ఎనిమిది. యాభై. ఎడమ కాలి మీద వేడి. అదే వాసన.

"ఎక్కాడా?" అక్క గొంతు పీలగా వచ్చింది.

"నేనున్నాగా ఇక్కడ! ఎక్కడెక్కుతాడు?"

"నీ ఒళ్లో కూర్చున్నాడేమో చూడవే!"

నేను పెట్టిన కేకకి ఫ్యాక్టరీలో గబ్బిలాలు లేచాయి. అక్క బండి ఆపేసింది. నేను దూకి బండి వెనక నిలబడి, సీటుకి వేలు చూపిస్తూ అరిచాను. "ఎవరయ్యా నువ్వు? ఉంటే మాట్లాడు! మాట్లాడలేకపోతే దిగిపో!"

అంతా నిశ్శబ్దం. ఇంజను కూడా ఆగిపోయింది.

అక్క చెమట తుడుచుకోడానికి బ్రేకు మీద నుంచి చెయ్యి తీసి, హెల్మెట్ పైకెత్తింది.

అప్పుడు... స్కూటర్ వెనక్కి కదిలింది.

తనంతట తనే. మెల్లగా. నా వైపు.

"అక్కా... నువ్వేనా?"

"నేనేం చెయ్యట్లేదే..."

వెనక చక్రం నా మోకాలికి తగిలింది. నా చేతిలోంచి సీసా జారింది. కింద పడి ఆగలేదు. రోడ్డు మీద దొర్లడం మొదలుపెట్టింది... ఊరి వైపు. దొర్లుతూ, దొర్లుతూ, జోరందుకుని చీకట్లో కలిసిపోయింది.

నేను అప్పటికే సగం ఏడుస్తున్నాను. అక్క ఏడవట్లేదు. సీసా పోయిన వైపు చూసింది. గోడని చూసింది. వంగి, బండి ఎడమ పక్క బెల్టు మూత మీద వేలు పెట్టి, చటుక్కున లాక్కుంది. కాలింది కాబోలు.

తర్వాత నవ్వింది. ఆ చీకట్లో, ఆ గోడ పక్కన, పొట్ట పట్టుకుని నవ్వుతున్న అక్కని చూస్తే నాకు గుమాస్తా కంటే అదే ఎక్కువ భయమేసింది.

"ఏంటే! వాడు నిన్ను పట్టాడా?"

"పిచ్చిదానా, ఇది ఎత్తెక్కే రోడ్డు. వంతెన అందుకోవాలి కదా, అర కిలోమీటరు నుంచీ మెల్లమెల్లగా లేపుకుంటూ వచ్చారు. గోడ కూడా రోడ్డుతో పాటే లేచింది. అందుకే కంటికి చదునుగా కనిపిస్తుంది."

"మరి మామూలు బండ్లు?"

"వాటికి గట్టి స్ప్రింగు ఉంటుంది. ఎత్తు రాగానే బెల్టుని వెనక్కి లాగి బలం ఇస్తుంది. నేను మెత్తటిది పెట్టానుగా... బెల్టు పై వేగం దగ్గరే ఉండిపోయింది, ఇంజనుకి ఊపిరాడలేదు. బెల్టు జారి కాలింది. ఆ వేడి గాలే మూత కంతల్లోంచి కాలికి కొడుతోంది." వేలు చప్పరించుకుంది. "వేగం పెంచే ప్రతివాడూ చేసే పనే ఇది. గోదాముల రోడ్డు మీద చూసుకుని మురిసిపోతాడు. ఇక్కడికొచ్చి చచ్చిపోతాడు."

శుక్రవారం అక్క గట్టి స్ప్రింగు వేసింది. కొత్త బెల్టు వేసింది. ఒక్క ముక్క ఎవరికీ చెప్పొద్దని నాతో ఒట్టేయించుకుంది. నోరు మూసుకుని ఉండటం నాకెంత కష్టమో మా ఇంట్లోవాళ్లనడగండి.

శనివారం రాత్రి బాబాయి, నేను వంతెన మీద నిలబడ్డాం. ఆయన చేతిలో టార్చి. భయమని ఆయన ఒప్పుకోలేదు కానీ, ఆ టార్చి వెలుగు రోడ్డు వదిలి గోడ మీదే తిరుగుతోంది.

దూరంగా శబ్దం. గోడ మొదట్లో దీపం.

"ఇప్పుడు ఎక్కుతాడు" అన్నాడు బాబాయి, నాతో కాదు, తనలో తానే.

ఇంజను గొంతు ఒక్కసారి మారింది. కానీ బొంగురుపోలేదు. ఒక మెట్టు పైకెక్కి, కయ్యిమని అరుచుకుంటూ వచ్చేసింది. మా ముందు నుంచి దూసుకుపోయింది. మీటరు ముందు కట్టిన ఫోను వీడియోలో, వంతెన దగ్గర ముల్లు — తొంభై ఒకటి.

అక్క బండి తిప్పుకుని వచ్చింది. బాబాయి వీడియో వైపు చూడలేదు, అక్క వైపు చూడలేదు. నేరుగా వెళ్లి వెనక సీటు తడిమాడు. రెండు చేతులతో. పైనా కిందా.

"ఎవరూ... ఎక్కలేదా?"

"ఎవరెక్కాలి నాన్నా?"

బాబాయి వంతెన గట్టు మీద కూలబడ్డాడు. టార్చి ఆర్పేసి అన్నాడు, "వాణ్ణి పుట్టించింది నేనేనే."

అప్పుడు అంతా చెప్పాడు.

ఇరవై ఏళ్ల కిందట ఆయనా కుర్రవాడే. పళ్లచక్రాలు మార్చాడు, మెత్తటి స్ప్రింగు పెట్టాడు, పదిమందిని ఇదే వంతెన మీద నిలబెట్టి వచ్చాడు. గోడ దగ్గర బండి చతికిలపడింది. స్నేహితులు నవ్వేలోపు నోటికొచ్చింది చెప్పాడు — ఎవరో గుమాస్తా ఎక్కాడ్రా అని. బస్సు తప్పడం, ఇల్లు చేరకపోవడం, అన్నీ అక్కడికక్కడ అల్లినవే.

"అబద్ధమేగా మరి? నువ్వెందుకు భయపడటం?" అన్నాను.

"తర్వాత నెలకి ఇంకోడు వచ్చి నాకూ ఎక్కాడన్నాడమ్మా. ఆ తర్వాత ఇంకోడు. పిక్క మీద ఊపిరి కూడా తగిలిందన్నాడు. అది నాకూ తగిలింది, కానీ నేనెవరికీ చెప్పలేదు... ఇక నమ్మక ఏం చెయ్యను? వేగం పనులు ఆ రోజే మానేశా." అక్క వైపు చూశాడు. "మరి నా వెనక కూర్చున్నదెవరే?"

"నీ మెత్తటి స్ప్రింగు, నాన్నా."

బాబాయి జేబులోంచి షాపు తాళాలు తీసి, లెక్క కూడా చూడకుండా గుత్తి మొత్తం అక్క ఒళ్లో పడేశాడు. పందెంలో తాను పెట్టింది బెంచి మాత్రమేనని మర్నాడు గుర్తొచ్చింది. అక్క తిరిగివ్వలేదు.

గుమాస్తా పోయాక మా ఊరి మెకానిక్కులకి దిక్కు లేకుండా పోయింది. బండి చతికిలపడితే ఇప్పుడు ఎవరి పేరు చెప్పాలో తెలియడం లేదు. బాబాయి మాత్రం, నిజం తెలిసి కూడా, గోడ దాటేటప్పుడు ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు. నేనేమీ అనను. ఒంటరిగా వెళ్లినప్పుడు నేనూ చూస్తాను.

మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ఈసారి మీ బండి మొరాయిస్తే మా షాపుకి రండి. బెంచి దగ్గర చేతులకి గ్రీజుతో ఒక మనిషి ఉంటుంది. "మెకానిక్ లేడామ్మా?" అని ఆమెని అడక్కండి. తాళం చెవి ఆమె చేతిలో పెట్టండి.