నేనైతే ఏం చేసేదాన్ని

స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ రికార్డింగ్ బూత్‌లో శవమై దొరికాడు.

ఊళ్లో సగం మందికి నోరు విప్పడం నేర్పిన మనిషి. ఎంత అరిచినా బయటికి వినపడని గదిలో పోయాడు.

ఉదయం 7.40కి వాచ్‌మన్ చూశాడు. బూత్‌కి కిటికీ లేదు. గోడల నిండా స్పాంజి. గడియ బయట, కంట్రోల్ రూమ్ వైపు ఉంది. రికార్డింగ్ మధ్యలో ఎవరూ లేచిపోకూడదని డైరెక్టరే అలా పెట్టించాడు. లోపలికి గాలి పంపే ఫ్యాన్ స్విచ్ కూడా అటువైపే. ఫ్యాన్ ఆపేసి ఉంది. మనిషికి ఉబ్బసం. ఇన్‌హేలర్ బయట బల్ల మీద ఉంది.

గడియ మీద ఒక్క వేలిముద్ర లేదు. తలుపు లోపలివైపు స్పాంజి మాత్రం గోళ్లతో పీలికలైపోయి ఉంది.

మధ్యాహ్నానికల్లా ఎస్సై కేసు తేల్చేశాడు.

"కన్ఫెషన్ చేతిలో ఉంది సార్! వినండి."

వింటున్నది ఇన్‌స్పెక్టర్. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ని 'జలగ' అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. వాళ్ల ముందు తెలియనట్టు ఉంటాడు.

ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టిట్యూట్ టీచర్ గొంతు. చక్కటి ఇంగ్లీషు.

"నేనైతే ఆయన్ని బూత్‌లోకి పంపేదాన్ని. గడియ వేసేదాన్ని. ఫ్యాన్ ఆపేసేదాన్ని. ఇన్‌హేలర్ బయటే ఉండిపోయేది. బయటి ఎర్ర లైటు కూడా ఆపేసేదాన్ని, గది ఖాళీ అని వాచ్‌మన్ అనుకునేవాడు. ఆయన అరవొచ్చు. ఎవరికీ వినపడకపోవచ్చు."

ఎస్సై విజయగర్వంతో బయటికి నడిచాడు. కంట్రోల్ రూమ్ తలుపు బయటి పిడికి వేలాడుతున్న ఎర్ర తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ అది చూశాడు.

టీచర్‌ని లోపలికి పిలిచారు.

"ఈ గొంతు మీదేనామ్మా?"

"నాదే సార్. నాలుగు వారాల కిందటిది."

"ఎందుకు మాట్లాడారు?"

"టాపిక్ సార్. పట్టుబడని నేరం ఊహించి చెప్పాలి. డైరెక్టర్ గారే ఇచ్చారు. would, could, might ప్రాక్టీసు కోసం. ముందు టీచర్ రికార్డు చెయ్యాలి."

"would అంటే చేస్తాననేగా?" ఎస్సై తిరిగొచ్చి అందుకున్నాడు.

"కాదండీ. నేనే ఆ మనిషినైతే చేసేదాన్ని అని. ఇంగ్లీషువాళ్లు ఊహలోకి వెళ్లేముందు ఆ మాట అడ్డం పెట్టుకుంటారు. could అంటే వీలుందని. might అంటే ఏమో, జరిగినా జరగొచ్చని. చిన్నప్పుడు మనం 'నువ్వు దొంగవనుకో, నేను పోలీసుననుకో' అని ఆడుకోలేదూ? అదే ఇది."

"కోర్టులో 'అనుకో' చెల్లదమ్మా."

ఇన్‌స్పెక్టర్ ఎస్సైని కళ్లతోనే ఆపాడు.

"ఊహలోనైనా ఆయన్నే ఎందుకు చంపారు?"

"నా ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకున్నారు సార్. ఇంకోచోట చేరనివ్వరు. ఇక్కడ ఉండలేను. ఆ రోజు మైకు ముందు కూర్చుంటే నోటికి ఆయనే వచ్చారు."

తన గొయ్యి తనే తవ్వుకుందంటే ఇదే. కారణమూ ఆమె నోటి నుంచే వచ్చింది, పద్ధతీ ఆమె నోటి నుంచే వచ్చింది. పాపం, ఇంగ్లీషు బాగా రావడం కూడా ఒక్కోసారి మెడకు చుట్టుకుంటుంది.

"సాయంత్రం అరెస్టు చేసేద్దామా సార్?" ఎస్సై గొణిగాడు.

"ఈ రికార్డింగ్ ఎవరెవరు విన్నారు?"

"స్టూడెంట్స్‌కి వినిపించలేదు సార్," అంది టీచర్. "ఏ రికార్డింగైనా ముందు డైరెక్టర్ గారి బావమరిదికి పంపాలి. ఆయన ఇంట్లోనే కూర్చుని తప్పులు దిద్ది పంపిస్తారు. తర్వాతే క్లాసులో పెడతాం. దీనికి మాత్రం ఆయన నుంచి జవాబు రాలేదు."

బావమరిది అక్కగారింట్లో మేడమీది గదిలో ఉంటాడు. మెడలో హెడ్‌ఫోన్లు. చూపులో అలసట.

"ఆ రికార్డింగ్ నేను వినలేదు సార్. ఆఫీసు గడప తొక్కి ఏడాదైంది."

ఇన్‌స్పెక్టర్ తలూపాడు. వస్తూ వస్తూ ఫోరెన్సిక్ వాళ్లకి ఫోన్ చేసి ఇంకో స్విచ్ చూడమన్నాడు.

మర్నాడు ఉదయం అందరినీ కంట్రోల్ రూమ్‌లో కూర్చోబెట్టాడు. టీచర్, వాచ్‌మన్, బావమరిది. తలుపు మూశాక ఆ గదిలో ఎవరికీ ఊపిరి సరిగా ఆడలేదు.

"ఒక్క ప్రశ్న. ఊహించి చెప్పండి. ఈ లోపల మనిషి ఉన్నాడు. కానీ లేడని బయటివాళ్లు అనుకోవాలి. మీరైతే ఏం చేస్తారు?"

"తువ్వాలు తీసేస్తాను సార్," అన్నాడు వాచ్‌మన్.

"నేనూ అంతే," అంది టీచర్.

బావమరిది ఇద్దరినీ వింతగా చూశాడు. "తువ్వాలేంటి? ఎర్ర లైటు ఆపేస్తే సరిపోదూ?"

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగాడు.

"సరిపోదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వరండాలో ఉన్న ఆ బల్బు పోయి మూడు వారాలైంది. అప్పట్నుంచీ లోపలికెళ్లేవాళ్లు పిడికి తువ్వాలు తగిలిస్తున్నారు. తువ్వాలుంటే తలుపు తోయకూడదు, తోస్తే ఉద్యోగం ఊడుతుంది. మొన్న సాయంత్రం డైరెక్టరే తగిలించుకుని వెళ్లాడు. వాచ్‌మన్ దాన్ని చూసి వెనక్కి తిరిగాడు, తెల్లారినా అది అలాగే ఉండేసరికి తలుపు తోశాడు. ఈమే హంతకురాలైతే ముందు తువ్వాలు తీసేది. తీయలేదు. మావాడు చేతులు తుడుచుకునేదాకా అది అక్కడే ఉంది."

ఎస్సై బూట్ల వంక చూసుకున్నాడు.

"మూడు వారాలుగా ఎవరూ ముట్టక ఆన్‌లోనే ఉన్న లైటు స్విచ్ మాత్రం ఆఫ్ అయింది. వెలగని లైటుని ఎవరు ఆపుతారు? అది పోయిందని తెలియనివాడు. రికార్డింగ్ విని, చెప్పింది చెప్పినట్టు చేసినవాడు."

"ఏడాది కిందట చూశాను కాబట్టి లైటన్నాను!"

"కావచ్చు. గడియ తుడిచారు. ఫ్యాన్ స్విచ్ తుడిచారు. కంగారులో దీన్ని మరిచారు. దుమ్ములో ఒకే ఒక్క వేలిముద్ర. స్టాఫ్‌లో ఎవరిదీ కాదు. మీ వేలు ఒకసారి ఇవ్వండి."

బావమరిది చెయ్యి చాపలేదు. హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పన్నెండేళ్లు సార్. ఆ మేడ గదిలో ఊరందరి తప్పులూ దిద్దాను. ఇక సాఫ్ట్‌వేర్ దిద్దుతుంది, గది ఖాళీ చెయ్యమన్నాడు బావ. ఎక్కడికి పోను? ఆ వారమే ఈవిడ గొంతు విన్నాను. మళ్లీ మళ్లీ విన్నాను. వెనక మెట్ల మీదుగా వచ్చాను." అతను టీచర్ వైపు తిరిగాడు. "దిద్దడానికి ఒక్క తప్పు కూడా లేదు మేడమ్."

అతన్ని తీసుకెళ్లారు.

ఎస్సై బీరువా తీయించి సర్టిఫికెట్ల కవరు తెచ్చి టీచర్ చేతిలో పెట్టాడు. "సారీ అండీ," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

"వెళ్లండమ్మా. ఇక మిమ్మల్ని ఎవరూ ఆపరు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

తలుపు బార్లా తెరిచి ఉంది. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"సార్, నేనది ఊహించకపోయి ఉంటే ఆయన బతికి ఉండేవారా?"

లేదమ్మా, ఎలాగూ చంపేవాడు, అని చెప్పాలనిపించింది ఇన్‌స్పెక్టర్‌కి. ఆమె మొహం చూశాక అబద్ధం నోటికి రాలేదు. ఆమె మీద జాలేసింది.

"ఏమోనమ్మా. ఉండేవాడేమో."

ఆమె తలూపింది. కవరు ఒళ్లో పెట్టుకుని, బూత్ తలుపు వంకే చూస్తూ అక్కడే కూర్చుండిపోయింది.